గాలి గుంజే పెట్టె

కొలిచిన. మళ్ల కొలిచిన.
కిటికీ కింద బల్ల,
అండాలు కుట్టుమిషను పోను మిగిలింది
అడుగున్నర.
టేపు చుట్టుకుంట ఆమె అన్నది:
"అంగుళం ఎక్కువైతె బయట పండవెడత,
పెట్టెను గాదు, నిన్ను."

నల్లగొండల దేవరకొండ రోడ్డుకు లోపల
రెండర్రల కిరాయిల్లు.
పగలు ఇంటింటికి తిరిగి కరెంటు మీటర్లు చదువుత,
రాత్రి అరచెయ్యంత లారీలు కడత.
ప్లాస్టిక్ రేకు కోసి, ఇరుసు దూర్చి,
ఎనుక తలుపు మీద ఆవగింజంత అక్షరాలు రాసి.

రంగు కాడనే వచ్చింది తంటా.
పెన్నంత ఎయిర్ బ్రష్షు, ఒత్తితె పొగమంచు.
సగం మంచు బండి మీద వాలుతది.
తక్కిన సగం
బియ్యం డబ్బా మూత మీద, దోమతెర మీద.
ఓ పొద్దుగాల మా ప్రణవి ముక్కు చీదితె
నీలం.
మూడు నెలలు బ్రష్షు ముట్టలే.

జానిమియా ఉస్తాద్ యాదికొచ్చిండు.
లారీ బాడీల షెడ్డుల నేను పదమూడేండ్ల పోరన్ని,
గరుకు కాయితం రాకుడు నా పని.
ఆయన మూతికి తువ్వాల గట్టి గన్ను లేపితె
తుప్పు డబ్బా గంటల చిలకపచ్చ.
మాపటికి మోరి కాడ దగ్గి ఉమిసేది.
ఆ పొద్దు ఏ రంగు బండి దిగిందో
ఉమ్మి చూసి చెప్పెటోళ్లం.
నవ్వెటోళ్లం గూడ, ఆయనే ముందుగాల నవ్వెటోడు.
"బెల్లం తింటె పోతదిరా" అనెటోడు.
చాన బెల్లం తిన్నడు.
నలభై ఆరేండ్లు బతికిండు.

ఇగ ఎతుకుడు.
ఫోన్ల అన్ని పెట్టెలు చక్కటియే.
సూట్‌కేసు లెక్క మడతవడేది,
మూడు దిక్కుల లైట్లది, తిరిగే పీటది,
జంట ఫ్యాన్లది (ధర చూసి ఫోను బోర్లేసిన).
నిమిషానికి ఇంత గాలి గుంజుతదని అంకెలు.
మీటర్లు చదివెటోన్ని,
అంకెలు ఎట్ల తిరుగుతయో నాకు తెల్వదా?

పానగల్లుల వీరాచారి సారు
ఇమానాలు చేస్తడు, పాత పెట్టె అమ్ముతుండంటె
జేబుల ఊదుబత్తి పెట్టుకోని పోయిన.
పెట్టె ముంగట ముట్టిచ్చిన.
చిన్న స్పీడు మీద పొగ ఎనక్కి మల్లి
నా మొఖానికే వచ్చింది.
పెద్దది తిప్పితె
పాలగిన్నె చప్పుడిన్న పిల్లి లెక్క
సక్కగ లోపలికి నడిచింది.
సారు నవ్విండు. "నీ అసుంటి గిరాకి ఇంతకుముందు రాలే.
ఇగో, గొట్టం పొడుగు పెంచకు, వంపులు తిప్పకు,
ఎంత మల్లితె అంత బలం చస్తది.
థిన్నరు రంగులు దీంట్ల కొట్టకు,
మోటర్ల ఒక్క నిప్పురవ్వ చాలు.
పెట్టె ఉన్నదని మాస్కు తియ్యకు."
పదిహేడు వందలకు తెగింది.

గొట్టం కిటికీల పెట్టినంక తెలిసింది,
సందవతల బాలమణెమ్మ డాబా,
డాబా నిండ వడియాలు.
నా ఇంట్ల గాలి మంచిగైతె సరిపోద్దా?
దూది పలక ఒకటికి రెండు పెట్టిన.
వడియాలు ఎత్తినంకనే స్విచ్చి.
అండాలు తలుపు కాడ నిలవడి అడిగింది:
"మిరపకాయలు ఏంచితె గుంజుతదా గిది?"
గుంజది అన్న.
"మరెందుకు" అన్నది.

నెల దాటినంక
ఉస్తాద్ లారీ పూర్తయింది, యాదిమీద కట్టింది.
పెట్టె ఎనుక మూత ఇప్పి పలక బయటికి తీసిన.
తెల్లటి దూది
చిలకపచ్చగ, మెత్తగ, తడి లేకున్నా బరువుగ.
ఆ పచ్చ నాకు ఎరికే.
మోరి కాడ చూసిన పచ్చ.
శానసేపు పట్టుకోని కూసున్న.

కొత్త పలక ఎక్కిచ్చిన.
పాతది పారెయ్యబుద్ధి గాలే,
పేపర్ల చుట్టి అరుగు మీద పెట్టిన.
బెల్లం డబ్బా పక్కన పెట్టినవని
అండాలు పొద్దుందాక తిట్టింది.