రెండు కళ్ల మధ్య రేకు

వఫ్రా తోటల కాడ, రేకుల గదిలో
మా ఫ్యాను మధ్యాన్నం రెండింటికి అలిసిపోయేది,
సరిగ్గా మనిషికి గాలి కావాల్సినప్పుడే.
సోలార్ పలక తప్పు కాదు.
దక్షిణానికి మొహం పెట్టి
కదలకుండా నిలబెట్టింది మేమే.
పొద్దు పడమటికి జారుతుంటే అది
మనిషి లేచిపోయిన కుర్చీకేసి మాట్లాడినట్టు
ఖాళీ ఆకాశాన్ని చూస్తా ఉండేది.

"తిప్పాల దాన్ని" అన్నాడు ఓబులేసు.
"గంటకోసారి పనొదిలి నువ్వొస్తావా?"
"నేనెందుకు? సూర్యుడే తిప్పుకోవాల."
మాట అనేసి మేకల కాడికి పోయినాడు.
నాకు నిద్ర పట్టలే.

నేను రాయచోటి ఐటీఐలో
రెండు మార్కులతో వైర్‌మన్ తప్పినోణ్ణి.
ఏడేళ్లుగా ఆ రెండు మార్కులూ
టమాటా మడుల్లో వెతుక్కుంటా ఉండాను.

స్క్రాప్ యార్డు మలబారీ సగం దినారుకి
పాత కరోలా వైపర్ మోటారు ఇచ్చినాడు.
చచ్చిన వీధి దీపాలకి నెత్తిన టోపీ ఉంటుంది చూడు,
చీకటి పడితే దీపం వెలిగించేది,
దాన్ని విప్పితే లోపల ఒక కన్ను.
రెండు దీపాలు విప్పినాను.
సైకిలు చక్రం ఇరుసు స్తంభానికి ఎక్కించి
దాని మీద పలకను కూర్చోబెట్టినాను.
గోడ మాత్రం ఇద్రీస్ తిని పారేసిన ట్యూనా డబ్బా మూత.

కళ్లు పక్కపక్కన, మధ్యలో నిలువుగా రేకు.
సూర్యుడు నేరుగా ఉంటే ఇద్దరికీ ఒకే ఎండ.
కాస్త జరిగినాడా,
రేకు నీడ ఒక కంటి మీద పడుతుంది.
నీడ పడిన కన్ను ఓర్చుకోదు.
మోటారు గుర్రుమంటుంది, పలక జరుగుతుంది,
వాటా సమానమయ్యేదాకా.
ఇందులో గొప్ప చదువేం లేదు,
అన్నదమ్ముల గెనిమ తగాదా,
పెద్దమనిషి నీడ.

మొదటి రోజు తీగలు అటుదిటు కలిపినాను.
పలక సూర్యుడికి వీపు చూపెట్టింది.
ఓబులేసు మడిలో కూలబడి నవ్వినాడు,
"జీతం ఆపినట్టుండాడు దీనికీ కఫీల్!"

రెండో రోజు తిరిగింది,
ముసలి మేక పిలిస్తే మెడ తిప్పినట్టు, నిదానంగా.
రెండు దాటింది. అసర్ దాటింది.
మగ్రిబ్ బాంగు దాకా ఫ్యాను ఆగలే.
ఇద్రీస్ చొక్కా విప్పి, కళ్లు మూసుకోని
అరబ్బీలో ఏందో లెక్కపెడతా కూర్చున్నాడు.
ఏం లెక్కో నేను అడగలే.

ఆ రాత్రి మోటారు చప్పుడుకి మెలకువ వచ్చింది.
బయటికొచ్చి చూస్తే
పలక చమురు బావుల దిక్కు తిరిగి ఉంది.
దూరంగా గొట్టం కొసన గ్యాసు మంట.
గాలికి మంట ఊగినప్పుడల్లా
ఒక వేలెడు అటు, ఒక వేలెడు ఇటు,
దాన్నే సూర్యుడనుకోని
తెల్లవార్లూ బ్యాటరీ తాగేసింది.
తిట్టడానికి నోరు రాలే.
వెలుగు కనపడితే తిరగమని నేర్పింది నేను.
నన్నెవరు నేర్పినారో గానీ
నేనూ ఆ మంట చూసే ఇంత దూరం వచ్చినాను.

ఓబులేసు చలువద్దాలు ఎట్లా విరిగిపోయుండాయి.
రెండు ముక్కలు కోసి కళ్ల మీద అంటించి
స్క్రూ కాస్త బిగించినాను.
ఇప్పుడు దానికి నిజం పొద్దు తప్ప ఏదీ ఆనదు.
మంట మండుకోనీ. అది పడమటికి చూస్తా నిద్రపోతుంది.

ఇంకొక్క లోటు ఉంది.
పడమట పడుకున్నది తూర్పున లేవలేదు,
వీపు వెనక పొద్దు పొడిస్తే దానికి తెలీదు.
అందుకే బాంగుకి ముందే, పాల చెంబు పక్కన పెట్టి,
రెండు తీగలు వేళ్లతో తాకించి
తూర్పుకి తిప్పుతాను రోజూ.
మంచు తడి ఉంటుంది పలక మీద, ఇసక ఉంటుంది,
చొక్కా కొసతో తుడుస్తాను.
"ఒక స్విచ్చి పెడితే అదే తిరుగుతుంది గదన్నా" అంటాడు ఓబులేసు.
తిరుగుతుంది.
నూట యాభై ఫిల్సులు. జేబులోనే ఉండాయి.
శుక్రవారాలు రెండు పోయినాయి,
కొనలే.