హాజరు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
చిరిగిన మిరప టిక్కీల కింద
శుక్రవారం పొద్దున దొరికాడు బత్తుల చినకోటయ్య,
ముఠా హమాలీ, బిళ్ళ నంబరు నూట పద్నాలుగు.

హాజరు పుస్తకంలో గురువారం దాకా ఉన్నాడు.
పేరుకెదురుగా నీలం వేలిముద్ర.
ఎవరి వేలని పుస్తకం అడగదు.

నేను వెళ్ళేసరికి పదిన్నర, నలభై ఒక్క డిగ్రీలు.
కానిస్టేబుల్ ముక్కుకి రుమాలు కట్టుకుని తుమ్ముతున్నాడు
వాసనకో, కారానికో.
ఈగల్ని తోలబోతే ఉండనివ్వమన్నాను,
మనకంటే ముందొచ్చినవాళ్ళు.

కడుపు నిండిన పురుగులు అప్పటికే అతన్ని వదిలి
గోడవార పొడిమట్టి వెతుక్కుంటూ పోతున్నాయి.
అవి నడక మొదలెట్టాయంటే నాలుగు రోజుల లెక్క.
కొన్నిటిని వేడినీళ్ళలో ముంచి స్పిరిట్‌లో వేశాను.
కొన్నిటిని బతకనిచ్చాను.

బతికేవాటికి మేత కావాలిగా.
బ్రాడీపేటలో పావుకిలో కార్జం తూస్తూ
"బాలింతకా మేడమ్?" అన్నాడు కొట్టతను.
అవునన్నాను.

ఎస్సై ఫోను:
"గురువారం రాత్రని రాసేయండి, వేలిముద్ర కూడా ఉంది."
ఈగలకి చదువు రాదండీ, అన్నాను.

నాకున్న అనుమానం వేరు. కారం.
పుస్తకాల్లో చలిదేశాల పందులున్నాయి,
గుంటూరు టిక్కీ కింద మనిషి లేడు.
లాబ్ మేడ మీద రెండు డబ్బాల్లో కార్జం పెట్టాం, నేనూ కాలేషా.
ఒకదాని మీద తేజ మిరప తాలు దులిపిన గోనె.
ఉత్తదాని మీద పావుగంటలో వాలాయి.
గోనె కిందకి పొద్దువాలాక ఒక్కటి దూరింది.
లెక్కకి ఇంకో పూట కలిసింది.

రాశాను:
సోమవారం చీకటి పడేలోపే.
అంతకు ముందైనా కావచ్చు. తర్వాత మాత్రం కాదు.

ఆ చివరి మాట పట్టుకుని
యేసుపాదాన్ని స్టేషన్‌కి తెచ్చారు.
మూడు రోజులూ వేలు వేసింది అతనే.
"నాగా పడితే బిళ్ళ పీకేత్తారండీ.
మంగళారం వత్తాడనుకున్నా.
బుధారం వత్తాడనుకున్నా."
వేలి సందున ఇంకా నీలం.

ఎలా పోయాడో నా పురుగులకి తెలీదు,
ఎప్పుడన్నదే వాటి చదువు.
పోయినవాడి పేరున ఒకడు మోసిన మూడు రోజులకి
నా ఫారంలో గడి లేదు.
వెతికాను. వెనక్కి తిప్పి కూడా చూశాను.

తొమ్మిదో రోజు సీసాలో ఈగలు లేచాయి,
ఎర్ర కళ్ళు, నెమలికంఠం రంగు ఒళ్ళు,
రెక్కలింకా తడి.
"వదిలేద్దామా మేడమ్?" అన్నాడు కాలేషా, కిటికీ వైపు చూస్తూ.
కేసు తేలేదాకా ఉండాలి.
ఫ్రీజర్‌లో పెట్టి చీటీ మీద తేదీ వేశాను, సంతకం చేశాను.
టైమెంత, అన్నాను.
గోడ గడియారం చూసి చెప్పాడు,
మూడుంబావు.