రెప్పపాటు సందు

రుషికొండ మీద ఐదో అంతస్తు. రాత్రి రెండున్నర.
ఏసీ చలికి చున్నీ చెవుల మీదికి లాక్కుని
లాగిన్ అయ్యాను.
పేరు: అతిథి. హక్కు: చదవడం, అంతే.

ఎల్లాజీ మావ గుర్తొచ్చాడు.
పోర్టులో కలాసీ. ముప్ఫయ్యేళ్ళూ ఒకటే పాసు,
ఇనప ఖనిజం ఎర్రదుమ్ము పట్టి
ఫొటోలో మొహం ఆయనకే ఆనవాలు దొరకదు.
మూడో బెర్తు దాటితే ఈల వేసేవారు.
ఓసారి కంట్రోల్ రూం కిటికీలోకి
తొంగి చూశాడని
పూట కూలి కోసేశారు.

ఈ యంత్రంలోనూ గేటుంది, కాపలావాడున్నాడు.
పాసు చూస్తాడు, సరే అంటాడు,
తాళం తియ్యడానికి అటు తిరుగుతాడు.
చూడ్డానికీ తిరగడానికీ మధ్య
ఒక రెప్పపాటు.
పదకొండేళ్ళుగా అక్కడే ఉంది, తుడవని మూలలా.
ఆ సందులో పాసు మార్చాను.
మార్చాను, మళ్ళీ మార్చాను.

నాలుగువందల పన్నెండోసారికి
తెర మీద డాలర్ గుర్తు పోయి హ్యాష్ వచ్చింది.
నేనెవర్ని? అని టైపు చేశాను.
రూట్, అంది.

అందరి జీతాలూ, అందరి ఉత్తరాలూ,
అన్నీ చెరిపేయగల చెయ్యీ.
ఎవరూ ఈల వెయ్యలేదు.

చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.
కింద భీమిలి రోడ్డు మీద
ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల ఆటో పోయింది.

రిపోర్టులో రాశాను. తీవ్రత: అధికం.
కారణం గడిలో "నమ్మకం" అని కొట్టి, చెరిపేశాను.
పరిష్కారం:
పాసు అందుకున్న చెయ్యి
తలుపు తెరిచేదాకా
దాన్ని వదలకూడదు.