రెండు రోజులకు రెట్టింపు

సెంట్రిఫ్యూజ్ ఆగేసరికి
ఎరుపంతా అడుక్కి దిగి
పైన లేత పసుపు సీరం తేరుకుంటుంది,
వానాకాలం బిందెలో నీళ్ళలా.

నా పని చిన్నది. మూతలు తీస్తాను,
వరసలో నిలబెడతాను. అంకె మిషన్ చెబుతుంది.
ఐదు లోపైతే ఒట్టి మనిషి.
ఇరవై ఐదు దాటితే ఒట్టి మనిషి కాదు.
మధ్యలో ఉన్నవాళ్ళని ఏమనాలో
పదమూడేళ్ళ సర్వీసులో నాకెవరూ చెప్పలేదు.

సోమవారం, ఏడో గొట్టం: దుబ్రావ్కా షోష్తారిచ్.
జాగ్రెబ్‌లో పద్నాలుగో నంబరు ట్రామ్ నడుపుతుంది.
నాలుగేళ్ళుగా నన్ను ఇంటికి చేరుస్తోంది, నేనెవరో తెలీకుండా.
మంచులో పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి
తలుపు ఇంకొక్క క్షణం తెరిచే ఉంచుతుంది.

ముప్పై ఎనిమిది.

దాటింది. కానీ దాటితే చాలదు,
ఎల్లుండికి డెబ్బై దాకా ఎదగాలి.
గుండె ఇంకా మొలవని దానికి
ఎక్కం ఒక్కటే ఊపిరి.

బుధవారం: యాభై ఏడు.
మళ్ళీ పెట్టాను. యాభై ఏడే.
పెరిగింది అనడానికి పెరిగింది.

డాక్టర్ ఫోన్లు చేసేది నాలుగు తర్వాత.
మూడూ ఇరవైకి నేను ట్రామ్ ఎక్కాను.
సీట్లో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.
నూనెలో కలిపిన ప్రొజెస్టెరాన్ సూది
తుంటి మీద ఎక్కడ గడ్డకడుతుందో నాకు తెలుసు.
ఏం తెలుసో చెప్పకూడదనీ తెలుసు.
అద్దం మీద ఎప్పటి బోర్డే:
డ్రైవరుతో మాట్లాడరాదు.
ఆ బోర్డుకి మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

నా స్టాప్ వచ్చింది. కాళ్ళు లేవలేదు.
సావా నది వంతెన కింద గోధుమరంగు నీళ్ళు,
ఆ తర్వాత అపార్ట్‌మెంట్లు, ఆరేసిన దుప్పట్లు,
ఆఖరి స్టాప్.

ట్రామ్ ఖాళీ అయింది.
తను సంచీలోంచి ఫోన్ తీసింది,
చూసింది, బోర్లించి పెట్టింది.
యాపిల్ పండు సగం కొరికి
అప్పుడు వెనక్కి తిరిగింది.

"మీ స్టాప్ తప్పిపోయిందే, వంతెనకి ఇవతలే కదా మీది" అంది.

ఒక్కోసారి తప్పుతుంది, అన్నాను.
గడియారంలో నాలుగుకి
ఇంకా ఆరు నిమిషాలుంది.
మిగతా సగం పండు
నా వైపు చాపింది.