రెండో ఆగస్టు

రాత్రి గాలికి చిరిగిందనుకుంది నెమేసియా.
గాలిది తప్పు కాదు.
గాలి చివర్లో వచ్చి తలుపు తోసిందంతే,
గడియ ఎప్పుడో ఊడి ఉంది.

నాలుగు వేల మీటర్ల ఎత్తున
మట్టి ఇటుకల గోడల మీద పసుపు ప్లాస్టిక్ కప్పు.
లోపల ముల్లంగి, ఉల్లికాడలు,
నిరుడు ఈ ఊళ్ళో మొదటిసారి పండిన
పదకొండు టమాటాల తాలూకు ఎండు తీగ.
బయట, మంచుకి గడ్డకట్టి, పాదాల కింద నీరు కక్కి
ఎండకి నల్లబడుతున్న బంగాళాదుంపలు.

లా పాస్ నుంచి ఆర్నెల్లకోసారి వస్తాను,
కత్తెర, కవర్లు, ఒక పెన్సిలు.
అరచేయంత ముక్క కోసి నంబరు వేసుకుంటాను.
ఈసారి కత్తెర తీయనే లేదు.
వేలు ఆనిస్తే అప్పడంలా విరిగింది.

"చూపుకి బాగానే ఉందిగా" అంది.
చూపుకి అందే వెలుగు కాదమ్మా చేసింది.
ఊదారంగు గట్టు దాటాక, పేరు పెట్టని రంగులో
ఒక్కో రేణువూ ఒక్కో దెబ్బ.
ఇక్కడ గాలి పలచన, అడ్డం పడేవాళ్ళు తక్కువ.
చేయీ చేయీ పట్టుకున్న వేల కార్బన్ల వరసలో
తయారీనాడు మిగిలిన ఒక మచ్చ ఆ దెబ్బ మింగుతుంది.
ఒక పట్టు జారుతుంది.
జారిన చేయి ఊరుకోదు,
దారిన పోయే ఆక్సిజన్ని పట్టుకుంటుంది,
దాని బలంతో పక్కవాడి హైడ్రోజన్ లాక్కుంటుంది.
ఇప్పుడు వాడి చేయి ఖాళీ.

"పండగ నాట్యంలో ఒకడు తాగి తూలినట్టా?
మా మరిది సెవెరినో ఏటా చేసే పనే."
నవ్వితే ఆమె చెంప మీది గోధుమ మచ్చ ముడతపడింది.
అక్కడా అదే ఎండ. అక్కడ తెగడమే కాదు,
కలవకూడని ఇరుగుపొరుగు అతుక్కుపోతారు కూడా.
కాకపోతే చర్మం లోపల ఎవరో రాత్రంతా కూర్చుని
చెడిన పోగు కత్తిరించి కొత్తది అల్లుతారు,
తెల్లారేలోగా చాలామటుకు.
ప్లాస్టిక్‌కి అలాంటి రాత్రి లేదు.

ఆ దెబ్బని తన మీద వేసుకునే మందొకటి ఉంది.
కలిపి ఉంటే నాలుగేళ్ళు ఆగేది.
కలపని చుట్ట మూడో వంతు చవక.
ఆ కాగితం మీద సంతకం నాది.
ఇది మాత్రం ఆమెకి చెప్పలేదు,
వాసాల దగ్గర వేడెక్కి ముందు పోయిందన్నాను,
అదీ నిజమే.

ఆమె దాణా సంచి ఒకటి నిలువునా చీల్చి
గోనెసూదికి దారం ఎక్కించింది.
సంచీ ప్లాస్టిక్కే.
"ఇదెన్నాళ్ళు?" అంది, నోట్లో దారం కొసతో.
నేను అంచు లాగి పట్టుకున్నాను.