సబ్జెక్ట్ టు

నల్లగొండ కలెక్టరాఫీసు ప్రహరీకి ఆనుకొని
నా బల్ల, నా టైపు మిషిను, అతుకులేసిన నీలం గొడుగు.
ఇరవై రెండేండ్ల సంది ఒక్కటే పని:
చండూరు దిక్కు నుంచో, దేవరకొండ దిక్కు నుంచో
బస్సు దిగి వచ్చిన దుఃఖానికి
ఇంగ్లీషు తొడుగుడు.

"విత్ రిఫరెన్స్ టు" అని మొదలువెడితే
కాయిదం దానంతటదే లేసి నిలవడుతది.
టైపు నేర్పిన నాడే చెప్పిండు మస్తాన్ సాబు,
"బేటా, దరఖాస్తుల మనిషి ముందు రావొద్దు.
ముందు బంట్రోతు రావాలె."
ఇన్ రెస్పెక్ట్ ఆఫ్ ఒక బంట్రోతు.
ఇన్ కనెక్షన్ విత్ ఇంకొకడు, జర లావు మనిషి.
ఆన్ బిహాఫ్ ఆఫ్, టోపీ చేతుల వట్టుకున్నోడు.
వీళ్లంత ఒక్కొక్కరే తలుపు తీసినంక
ఎక్కడనో వెనుక, కామా పక్క పొంటి,
చెప్పులు బయట విడిచి నిలవడుతది
అసలు మనిషి పేరు.

మన మాటల ఇట్ల గాదు.
బడిల ఊగుకుంట చదివినం గదా,
కొఱకున్ కై చతుర్థి,
వలనన్ కంటెన్ పట్టి పంచమి.
మన దాంట్ల మనిషే ముందు,
విభక్తి వెనుకనే, తల్లి పొదుగు మరువని మేకపిల్ల.
సక్రికి. సక్రితోని. సక్రి కోసం.
ఎంత దూకినా అది సక్రిని దాటి పోదు.

సక్రి అంటే కేతావత్ సక్రి.
ఎర్రగుంట తండా. బోరు నీళ్లు తాగి తాగి
మోకాళ్లు వంగుడు మానేసినయి.
తండాల అందరి పండ్ల మీద ఒక్కటే గోధుమరంగు గీత,
అందరు కలిసి వెట్టిన సంతకం లెక్క.
నీళ్లట్యాంకు కోసం నా తాననే తొమ్మిది దరఖాస్తులు.

మొన్న సోమవారం నవ్వుకుంట వచ్చింది.
"మంజూరైందే అన్నా! మనుమడు చదివిండు,
శాంక్షన్ అని ఉన్నదట."

చదివిన. ఉన్నది, అబద్ధం గాదు.
శాంక్షన్డ్. దాని ఎనుక కామా.
కామా ఎనుక,
సబ్జెక్ట్ టు ది అవైలబిలిటీ ఆఫ్ ఫండ్స్.

కాదు అన్న మాట ఆ కాయిదంల
భూతద్దం వెట్టి ఎతికినా దొరకదు.
"ఇచ్చినం, పైసలుంటే, అని ఉన్నదమ్మా."
"పైసలున్నయా మరి?"
"అది రాయలే."
"ఏ ముక్కనే అది? సూపియ్యి."
సూపిన. గోరంత ముక్క.
తేలు సచ్చిందో లేదో సూసినట్టు
ఏలుతోని దాన్ని మెల్లగ ఒత్తింది.

కాసేపు ఏం మాట్లాడలే.
ఛాయ్ తెప్పిస్తే తాగలే.

తర్వాత నడుం సంచిల నుంచి ఇంకో కాయిదం తీసింది.
టౌనుకు పోయే పెద్ద పైపు
ఆమె చెల్క నడుమ నుంచి పోవాల్నట.
ఒప్పుకున్న అని రాసియ్యమన్నరట.
నాకు ఇది కండ్లు మూసుకుంటే వచ్చే పని.
ఐ హియర్‌బై గివ్ మై కన్సెంట్,
దాకా కొట్టి పుల్‌స్టాపు మీద ఏలు వెట్టిన.

"ఆగు. ఆ ముక్క దీంట్ల వెట్టు."
"ఏ ముక్క?"
"వాళ్లు నాకు వెట్టిందే."

ఇన్నేండ్లల్ల ఎన్నో విన్నపాలు కొట్టిన ఈ ఏళ్లకు
అది కొట్టుడు ఎందుకో కొత్తగ అనిపించింది.
పుల్‌స్టాపు ఇడిచి కామా వెట్టిన.
సబ్జెక్ట్ టు ది సప్లై ఆఫ్ వాటర్ టు ఎర్రగుంట తండా.
కింద ఆమె బొటనవేలు, ఊదారంగు, జర పక్కకు జరిగింది.

లోపల దాన్ని ఎవలు చదువుతరో, చదివి ఏమంటరో తెల్వదు.
చింపేస్తరు కావచ్చు. కార్బన్ కాపీ మాత్రం
ఆమె మలిచి రవికెల వెట్టుకున్నది.

"ఇరవై అయినయి," అన్న.
పది చేతుల వెట్టి లేసింది.
"మిగతా పది?"
మూలమలుపు కాడ తిరిగి సూసింది,
ఆ గీతల పండ్లన్ని కనవడేటట్టు.

"సబ్జెట్టు నీళ్లు," అన్నది.