డబ్బా బరువు

కూకో ఢిల్లేశు. ఆ స్టూలు మీద కాదు,
దానికో కాలు పొట్టి.
కాటాలు బాగుసేసేవోడి కొట్లో
సరిగ్గా నిలబడని సామాను అదొక్కటే.

నరసన్నపేట బజార్లో ఎవులు కొట్టు పెట్టినా
ముందు నా దగ్గరికే వస్తారు, కాటా కోసం.
మూసేసినప్పుడూ నా దగ్గరికే,
అదే కాటా సంకనెట్టుకొని.
అల్లదిగో, అటక మీద పదకొండున్నాయి.
నాను డాక్టర్ని కాను గానీ
ఏ కొట్టు ఏ రోగంతో పోనాదో
పళ్ళెం సూసి సెప్పగల్ను.

ఇదిగో, దీని మీద ఒక్క గీత నేదు.
తూకమేసింది తక్కువ, బోర్డుకి పెట్టింది ఎక్కువ.
పన్నెండడుగుల ఫ్లెక్సీ,
దాని మీద ఓనరు బొమ్మ, నల్ల కళ్ళజోడు.
బొమ్మ ఇప్పటికీ బాగుంది.
ఆళ్ళ పశువుల సాలకి కప్పినారు, సుక్క వాన దిగదు.

ఈ రెండోదాని అడుగున సుద్దముక్క రాతలు సూడు:
బావ 340. పిన్ని 85.
మేస్టారు... ఒట్టి పేరే, అంకె నేదు.
అంకెయ్యడానికి మొహమాటపడ్డాడు పాపం.
అరువివ్వొద్దని నాను సెప్పను,
అరువివ్వని కొట్టుకి ఈగలే గిరాకీ.
ఇయ్యి. పుస్తకంలో రాయి. ఆళ్ళ ఎదురుగానే రాయి.
రాస్తుంటే సిన్నబుచ్చుకునేవోడు
ఇచ్చేవోడు కాడు.

సోడిపిండి అమ్ముతానంటన్నావు. మంచిదే.
మీ అమ్మ ఏపి ఇసిరిన పిండి
మీ ఇంట్లో అందరికీ నచ్చినాది.
ఇంట్లోవోళ్ళు కొనరు కదా బావూ!
ముందో ఇరవై పొట్లాలు కట్టి సంతకెళ్ళు.
మిగిలినవి ఎన్నో ఎంచు,
ఎందుకు మిగిలినాయో సిగ్గుపడకుండా అడుగు.
మళ్ళీ వారం మళ్ళీ వచ్చిన మనిషి ఒక్కడున్నా
ఆడి పేరు గుర్తెట్టుకో. ఆడే నీ బేంకు.

లోను మాట తర్వాత.
టెక్కలి నుంచొచ్చినోడొకడు మూడు లక్షల మిషను కొన్నాడు.
అది గంట తిరిగితే
ఊరంతటికీ వారం సరిపడా పిండి.
మిగతా ఆరు రోజుల ఇరవైమూడు గంటలూ
వడ్డీ ఒక్కతే తిరిగినాది.

ఇలా రా, ఈ మీట సూడు. టేరంటారు దీన్ని.
ఖాళీ డబ్బా పెట్టి నొక్కితే సున్నా అవుద్ది,
ఆ తర్వాత పోసిందే సరుకు.
సొమ్ముకీ ఇలాటి మీటొకటుంటే బాగుణ్ను.
సాయంత్రం గల్లాపెట్టిలో రెండువేలుంటాయి,
రెండువేలు సంపాదించేనని బిర్యానీకెళ్తావు.
అందులో సోళ్ళ సొమ్ముంది, కవర్ల సొమ్ముంది,
అద్దెలో ఒక రోజు ముక్కుంది,
నాలుగ్గంటలకి లేసి పొయ్యి దగ్గర కూకున్న
మీ అమ్మ పొద్దుంది.
ఆవిడెంత తీసుకుంటంది? ఏటీ నేదా?
మరైతే అది నీ లాభం కాదురా, ఆవిడ కూలి.
డబ్బా బరువంతా తీసేసి తూకమెయ్యి.
కొన్నాళ్ళు మైనస్సే సూపిస్తాది. బెంగెట్టుకోకు,
కాటా అబద్ధమాడినప్పుడు బెంగెట్టుకో.

ఆ పదకొండోది ఎవులిదని అడగవేం?

నాదే.
కిరాణా పెట్టినాను, శ్రీకాకుళం రోడ్డులో.
ఊరందరి కాటాలూ సరిజేసేవోణ్ణి,
నా జేబూ గల్లాపెట్టీ ఒకటే అనుకున్నాను.
పిల్లకి గాజులు గల్లాలోంచే,
ఊరెళ్తే బస్సు సార్జీ గల్లాలోంచే.
రెండేళ్ళకి పంచదార బస్తా దింపడానికి సొమ్ము నేదు.
దొంగెవుడోనని
నెల్లాళ్ళు ఎతికినాను.

సరే, ఈ కాటా పద్దెనిమిదొందలు, ముద్రేయించి ఇస్తాను.
తగ్గించమని అడుగు. అడగడం నేర్చుకోవాల.
నాను తగ్గించను. నాకూ డబ్బా బరువుంది.

ఏడాదికోపాలి ముద్రకి పట్టుకురా.
అమ్మడానికి మాత్రం పట్టుకు...
సర్లే, అమ్మాల్సొచ్చినా పట్టుకురా,
అటక మీద సోటుంది.

ఇంద, ఈ అట్టముక్క
ఆ స్టూలు కాలి కింద పెట్టి కూకో.
టీ వస్తంది.